‘ట’ లేని మాట

మా ఇంట్లో రెండేళ్లపాటు ‘ట’ నిషేధం. టమాటాలో ‘ట’ కాదు, టీలో ‘టీ’ కాదు. మాట చివర తగిలించే ‘ట’. వచ్చిందట, పోయిందట, అన్నాడట. ఎవరో అన్నదాన్ని మోసుకొచ్చి పక్కవాళ్ల చెవిలో వేసి, నాకేం తెలీదు అన్నట్టు చేతులు దులుపుకోవడానికి పనికొచ్చే ‘ట’. ఆ నిషేధం పెట్టింది మా అత్తయ్య. కారణం నేను.

మా వీధి కొండకీ ఏటికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఇంటి ముందు భాగమంతా షెడ్డు, అందులో నాలుగు మరమగ్గాలు. తువ్వాళ్లు నేస్తాం. మగ్గాలు నడుస్తుంటే పక్కన పిడుగు పడినా తెలీదు. అందుకే మా వాళ్లందరివీ గట్టి గొంతులు. ఉప్పు అందుకోమన్నా నాలుగిళ్ల అవతలివాళ్లు ఉలిక్కిపడేలా అంటారు. నా ఒక్కదానిదే చిన్న గొంతు. కాపురానికి వచ్చిన వారానికే మా మరిది నాకు ‘మ్యూట్ వదిన’ అని పేరు పెట్టేశాడు. ఆ ఇంట్లో నేను గట్టిగా అరిచింది ఒకే ఒక్కసారి.

ఒక వానాకాలం, ఫోనులో వీధి గ్రూపుకి ఒక ముక్క వచ్చింది. చదివాను. ముందూ వెనకా చూడలేదు. “గట్టు తెగిందట!” అని అరిచాను. మగ్గాలు ఆగిపోయాయి. ఇల్లు పరిగెత్తింది. మమ్మల్ని చూసి వీధి పరిగెత్తింది. వంతెన మీద తొక్కిసలాటలో మామయ్య కింద పడ్డారు, మళ్లీ లేవలేదు. గట్టు తెగలేదు. ఆ రోజు మా వీధిలోకి చుక్క నీరు రాలేదు.

అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. కొన్నాళ్లు పోయాక అందర్నీ కూర్చోబెట్టి, “ఇక మీదట ఈ ఇంట్లో ‘ట’ వద్దు. చూస్తే చూశానని చెప్పండి. వింటే ఎవరి నోట విన్నారో చెప్పండి. అదీ ఇదీ కాకపోతే నోరు మూసుకోండి” అంది. చెప్పింది అందరికీ. చూసింది నా వైపు.

అప్పట్నుంచి నా మాటకి ఆవిడ దగ్గర విలువ లేకుండా పోయింది. పాలు విరిగాయని చెబితే మూత తీసి చూసుకునేది. వాన మొదలైందంటే గుమ్మం దాకా వెళ్లి చెయ్యి బయటికి చాపేది. కోపంతో కాదు, అలవాటుగా. ఆ అలవాటే నన్ను ఎక్కువ కోసేది. ఏటి సంగతికి వస్తే ఆవిడ నమ్మేది ఒక్క మనిషినే, టీవీలో ప్రాంతీయ వార్తలు చదివే అమ్మాయిని. “ఫోనులో వచ్చేది పుకారు, పెట్టెలో వచ్చేది వార్త” అనేది. ఆ అమ్మాయి చెబితేనే కదలడం. లేకపోతే బ్రహ్మదేవుడు దిగివచ్చినా గుమ్మం దాటదు.

ఆ రెండేళ్ల తర్వాతి వానాకాలం సంగతి ఇది.

ఆ ఏడు వానలకి ముందే కేబులతను వైర్లు చుట్టుకుని వెళ్లిపోయాడు. కొండ మీద కొత్త టీవీ టవరు లేచింది. ఇంట్లో ఒక ఆంటెన్నా పెట్టుకుంటే పద్దెనిమిది చానెళ్లు ఊరికే వస్తున్నప్పుడు ఇక అతన్ని పిలిచేదెవరు? మా డాబా ఎక్కి తలెత్తితే టవరు నెత్తి మీదే ఉన్నట్టుండేది.

మా మరిది టీవీ మెకానిక్కు. వీధిలో అందరూ ‘ఇంజనీరు’ అంటారు, సగం గౌరవంగా, సగం వెటకారంగా. మొదట కిటికీలో అరచేయంత ఆంటెన్నా పెట్టాడు. బొమ్మ బాగానే వచ్చింది. అప్పుడప్పుడూ గళ్లు గళ్లుగా విడిపోయి, మళ్లీ కుదురుకునేది. ఉన్నదాంతో ఊరుకుంటే వాడు మా మరిది ఎందుకవుతాడు? డాబా మీద చేపముల్లులాంటి పెద్ద ఆంటెన్నా ఎక్కించాడు. దానికీ టీవీకీ మధ్య బూస్టరని, సిగ్నలు పెంచే ఒక చిన్న డబ్బా తగిలించాడు. దాంతో ఉన్న బొమ్మ కూడా పోయింది. రెండో బూస్టరు పెట్టాడు. ఈలోపు వీధిలో పదకొండు ఇళ్లకి అదే వైద్యం చేసి వచ్చాడు.

పాత టీవీలైతే బొమ్మ పాడైనా తెల్ల చుక్కల వెనకనుంచి మాటన్నా వినబడేది. ఈ కొత్తదానికి మధ్యేమార్గం లేదు. వస్తే అద్దంలా వస్తుంది, లేదంటే నల్లగా మొహం పెట్టుకుని ‘సిగ్నల్ లేదు’ అంటుంది.

“రేంజి చాలట్లేదమ్మా!” అని వాడు డాబా మీంచి అరిచేవాడు. “వచ్చిందా?”

నేను టీవీ ముందు నిలబడి “రాలేదు” అనేదాన్ని. నా గొంతు డాబా దాకా పోదు కదా, అందుకని మధ్యలో అత్తయ్య. కానీ ఆవిడ నా మాట అందుకుని అలాగే అరిచేది కాదు. పొయ్యి దగ్గర్నుంచి లేచి, గదిలోకి వచ్చి, తెర కేసి తనూ ఒకసారి చూసి, అప్పుడు కిటికీలోంచి “రాలేదురా!” అని అరిచేది. ఒక్క పూటలో ఇరవైసార్లు అలా లేచి వచ్చింది. రాలేదన్న మూడక్షరాల కోసం కూడా నన్ను నమ్మలేదు.

ఆవిడకో చిన్న రేడియో ఉండేది. టవరు లేచాక దాన్లో ఏ స్టేషను పెట్టినా ఒకే పాట, ఆ టవరు మీంచి వచ్చే రేడియోది. ఒకరోజు తుడుస్తూ దాని ఆంటెన్నా కడ్డీని పూర్తిగా లోపలికి తోసేశాను. వెంటనే ఆవిడ స్టేషను గంట కొట్టినట్టు పలికింది. మరిదికి చెబితే పడీ పడీ నవ్వాడు. “కడ్డీ దించితే బాగా రావడమేంటి వదినా? బయట అనకు, నా షాపు మూసుకోవాలి” అన్నాడు. బాగుచేస్తానని తీసుకెళ్లి విప్పాడు. రేడియో ఆరు ముక్కలై వాడి బల్ల మీద ఉండిపోయింది.

వానలు మూడో వారంలో పడ్డాయి. మా ఆయన తువ్వాళ్ల లోడుతో అవతలి ఒడ్డుకి వెళ్లిన మర్నాడే వంతెన మూసేశారు. ఫోను చేస్తే కలవదు. కలిసినా గరగర. మెసేజీలు మాత్రం వానతో పోటీపడి కురిసేవి. ఎగువన గేట్లన్నీ ఎత్తేశారట. ఎత్తలేదట. ఎత్తి మళ్లీ దించారట. ఫోను నిండా ‘ట’లే. నేను ఒక్కటి కూడా పైకి చదవలేదు. చదివి, దిగమింగి, ఫోను బోర్లించి పెట్టేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం వీధిలో చీలమండ లోతు నీళ్లు నిలిచాయి. అది వాన నీరో ఏటి నీరో తెలీదు. పెద్దరోడ్డు మీద మైకు బండి తిరుగుతున్న శబ్దం వినిపిస్తోంది, ఏమంటోందో అర్థం కావట్లేదు. ఎదురింటి టైలరు ప్యాంటు మడిచి మా గుమ్మంలోకి వచ్చాడు.

“అక్కా, ఉండాలా, పోవాలా? ఏదో ఒకటి తేల్చండి. మా ఆవిడ మూట కట్టి అరగంటైంది.”

“టీవీ చెప్పనీ” అంది అత్తయ్య.

“టీవీ చెప్పాలంటే ముందు మీవాడు దాన్ని నోరు తెరవనివ్వాలి కదా! వీధిలో ఒక్క సెట్టన్నా బతికుందా?”

“వాడు పైకెక్కాడు. చూస్తున్నాడు.”

“పోదామంటే పోదాం, నాదేముంది! అయితే వంతెన మీద జరిగింది నేనూ చూశానక్కా. నాకూ భయమే” అన్నాడు టైలరు. ఆ మాట అన్నాక నావైపు చూడకుండా వెళ్లిపోయాడు.

అత్తయ్య ప్లాస్టిక్ పట్టాలు తీసుకుని మగ్గాలు కప్పడానికి షెడ్డులోకి వెళ్లింది. నేను టీవీ ముందు నిలబడ్డాను. స్నానాల గదిలో తూము దగ్గర గుడగుడమంటే వెళ్లి చూశాను. నీళ్లు బయటికి పోవడం లేదు, లోపలికి వస్తున్నాయి. పరిగెత్తుకుంటూ వెళ్లి చెబితే? వచ్చి చూసుకుంటుంది. “వానకి ఎదురు తన్నుతోంది” అంటుంది. అంతకిముందు రెండు వానలకి అలాగే జరిగింది కూడా. గేట్ల సంగతి తెలియకుండా ఏం చెప్పినా అది పుకారే.

“వచ్చిందా?” డాబా మీంచి కేక.

“రాలేదు” అన్నాను. ఎవరికీ వినబడలేదు.

“మీటరులో ఎంత చూపిస్తోంది వదినా? గట్టిగా చెప్పు!”

తెర మీద రెండు గీతలుంటాయి. మొదటిది సిగ్నలు బలం. రెండోది నాణ్యం. మొదటిది ఈ చివర్నుంచి ఆ చివరికి నిండి ఉంది, నూరు. రెండోది సున్నా. ఆ నెలంతా వాడు ఆ మొదటి గీతనే చూసి మురిసిపోయాడు. నూటికి నూరు మార్కులు వచ్చాక కూడా బొమ్మ రాలేదంటే తప్పు ప్రసారం చేసేవాళ్లదే అని తేల్చేశాడు. కిటికీ దగ్గరికి వెళ్లి నా శక్తికొద్దీ “నూరు!” అని అరిచాను.

“అంతే మరి! మనదాంట్లో లోపం లేదు. ఆగు, ఇంకో బూస్టరుంది, అది కూడా పెడతా!”

నేను రెండో గీత వైపే చూస్తున్నాను. పదిహేనేళ్లుగా తాన్లు విప్పి చూసే పని నాది. గజాలు నిండుగా ఉండి నాణ్యం లేకపోతే ఆ తాను తిరిగి మా ఇంటికే వస్తుంది. ఇంకొకటి కూడా తెలుసు. మగ్గం మీద పోగులు అదే పనిగా తెగుతుంటే, కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు పడుగు వదులైందనుకుని ఇంకా బిగిస్తారు. బిగించేకొద్దీ ఇంకా తెగుతాయి. మామయ్య వాళ్ల చేతి మీద ఒకటి వేసి, “వదలరా, వదులు! దాని ప్రాణం తీస్తున్నావు” అనేవారు. కడ్డీ దించితే పలికిన రేడియో గుర్తొచ్చింది. నెత్తి మీద టవరు పెట్టుకుని మేం మూడో బూస్టరు కోసం చూస్తున్నాం.

చెయ్యి పెట్టాలంటే భయం వేసింది. పాడైతే? ఒకసారి నోరు పారేసుకుని ఒక ప్రాణం తీశాను. ఇప్పుడు చెయ్యి కూడా పారేసుకుంటే ఆ ఇంట్లో నేను బతకలేను. అయినా వెళ్లి మొదటి బూస్టరు ఊడదీశాను. రెండోది కూడా తీసి పక్కన పెట్టి, వైరు నేరుగా టీవీకి తగిలించాను. రెండో గీత కాస్త లేచి పడిపోయింది. ఒక గడి నిండా మొహం ముక్క కనిపించి మాయమైంది. వైరు కొసని పట్టుకుని మెల్లగా బయటికి లాగాను. పూర్తిగా కాదు, మొన తగిలీ తగలనట్టు. మొదటి గీత నూరు నుంచి యాభైకి దిగింది. రెండోది ఎనభైకి ఎక్కింది.

వార్తల అమ్మాయి అద్దంలో మనిషిలా ఎదురుగా కూర్చుని ఉంది.

“…పన్నెండు గంటలకు ఎగువ గేట్లన్నీ ఎత్తివేశారు. సాయంత్రం నాలుగు, ఐదు గంటల మధ్య వరద నీరు కొండ దిగువ వీధుల్లోకి చేరుతుంది. అక్కడివారు మిట్ట మీది బడికి వెంటనే తరలివెళ్లాలి.” అని తల దించి కాగితం చూసుకుని, మళ్లీ మొదట్నుంచి చదివింది. కొండ దిగువ వీధులు. నాలుగు, ఐదు మధ్య. వెంటనే.

“అత్తయ్యా!” అని నేను అంటుండగానే టక్కున కరెంటు పోయింది. నీళ్లొచ్చే ముందు కరెంటువాళ్లే తీసేస్తారు. తెర మీద నా మొహం తప్ప ఏమీ మిగల్లేదు. గడియారం చూశాను, రెండూ ఇరవై.

ఆ వార్త విన్నది నేనొక్కదాన్నే. ఇంత మంది ఉండగా, నేనే దొరికాను.

షెడ్డులోకి వెళ్లాను. అత్తయ్య మూడో మగ్గం మీద పట్టా కప్పి తాడు బిగిస్తోంది. ‘నాలుగింటికి నీళ్లొస్తాయట’ అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. నిజానికి అక్కడ ‘ట’ పడాల్సిందే. నాకు చెప్పింది వార్తల అమ్మాయి, ఏరు కాదు. దాన్ని మింగాను.

“నాలుగింటికి నీళ్లొస్తాయి అత్తయ్యా. గేట్లెత్తారు. మనం బడికి వెళ్లిపోవాలి.”

చెయ్యి ఆపింది. “ఎవరన్నారు?”

“టీవీలో అమ్మాయి. నేను విన్నాను.”

“టీవీ రావట్లేదుగా.”

“వచ్చింది. బూస్టర్లు తీసేసి వైరు వదులు చేశాను, వచ్చింది. ఇంతలో కరెంటు పోయింది.”

చెబుతుంటే నా చెవులకే అది కట్టుకథలా ఉంది. నాలుగేళ్ల పిల్ల కూడా ఇంతకంటే బాగా అబద్ధమాడుతుంది. మరిది తడిసి ముద్దై మెట్లు దిగి వచ్చాడు.

“ఏంటీ, వైరు ఊడదీస్తే వచ్చిందా? నూటికి నూరుంటేనే రాలేదమ్మా! వదినకి కంగారులో ఏదో వినబడి ఉంటుంది.”

అత్తయ్య పక్కనే ఉన్న గుడ్డకి చేతులు తుడుచుకుని టీవీ గదిలోకి నడిచింది. నేను వెనకే వెళ్లాను. పాల గిన్నె దగ్గరికి వెళ్లినట్టే వెళ్లి టీవీ ముందు నిలబడింది. నల్లటి తెర. పక్కన రెండు బూస్టర్లు. సగం ఊడి వేలాడుతున్న వైరు. వైరు కొసని వేలితో ముట్టుకుంది. ఈసారి తీసి చూసుకోవడానికి మూత లేదు.

నా వైపు తిరిగింది. రెండేళ్లలో ఆవిడ నా కళ్లలోకి అంతసేపు చూడటం అదే మొదలు.

“వస్తాయటనా? వస్తాయా?”

నా గొంతు ఎంత చిన్నదో అంత చిన్నగానే వచ్చింది. “వస్తాయి.”

“సరే” అంది. అంతే. చెప్పులు వెతుక్కుంటూ, “ఒరేయ్ ఇంజనీరూ, ముందు మోటార్లు విప్పి అటక మీద పెట్టు. తర్వాత ఇంటింటికీ వెళ్లి చెప్పు. ఎవర్నీ పరిగెత్తొద్దను. నడవమను. విన్నావా, నడవమని చెప్పు” అంది.

“ఎవరు చెప్పారంటే ఏమనాలి?”

“మీ వదిన విన్నదని చెప్పు.”

వాడు పానా అందుకున్నాడు. మూడున్నరకి వీధి వీధంతా మూటలు, పిల్లలు, కుట్టుమిషన్లతో మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూ మిట్టెక్కింది. వాడి గొంతు ఆ రోజు మంచి పనికొచ్చింది. “నడవండి, నడవండి” అని కొండకి ప్రతిధ్వని వచ్చేలా అరుస్తూనే ఉన్నాడు.

బడి వరండాలో కూర్చున్నాం. అక్కడ కూడా కరెంటు లేదు. అక్కడినుంచి చూస్తే మా కప్పు కనిపిస్తోంది. నాలుగైంది. నాలుగున్నరైంది. నీళ్లు అక్కడే, మోకాలి దగ్గరే ఉన్నాయి. వాన కూడా తెరిపిచ్చింది. చంకలో పిల్లలున్న ఆడవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. ఐదు కావస్తోంది. నా మగ్గాలు, మా వంటిల్లు, మామయ్య కూర్చునే బల్ల, అన్నీ ఆ కప్పు కిందే ఉన్నాయి. వాటి మీదికి నీళ్లు రావాలని, త్వరగా రావాలని నేను మనసులో మొక్కుకుంటున్నాను. ఆ సంగతి నాకే తెలిసొచ్చి సిగ్గుతో తల దించుకున్నాను. నా మాట నెగ్గడం కోసం నా ఇల్లు మునగాలా? అయినా ఆ కోరిక పోలేదు.

టైలరు లేచాడు. తన మిషను మీది నీళ్లు తుడుస్తూ, అందరికీ వినబడేలా అన్నాడు. “బాగుంది! మళ్లీ అదే కథ. నీళ్లొస్తాయని మళ్లీ ఎవరో అన్నారట, మనం మళ్లీ మూటలు మోశామట!”

వరండా అంతా మా వైపు తిరిగింది. మరిది నేల చూపులు చూస్తున్నాడు. నేను గోడలోకి దూరిపోతే బాగుండనుకున్నాను.

అత్తయ్య కూర్చున్న చోటినుంచి లేవలేదు. గొంతు కూడా పెంచలేదు. ఆవిడ అంత మెల్లగా మాట్లాడగలదని నాకప్పటిదాకా తెలీదు.

“అన్నారట కాదు తమ్ముడూ. మా కోడలు విన్నది, చెప్పింది. నీళ్లు రాకపోతే రాకపోనీ. ఇల్లు దక్కిందని సంతోషంగా పోదాం. దాని మాట మాత్రం అబద్ధం కాదు.”

టైలరు “నేనేమన్నానిప్పుడు” అంటూ కూర్చున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఎవరూ చూడలేదనుకుంటాను, మబ్బుకి వరండా అంతా మసకగా ఉంది. అత్తయ్య తన మూట నా ఒడి పక్కన సర్దుకుని, దాని మీద తల పెట్టి, “ఆ అమ్మాయి ఇంకేమైనా చెబితే లేపు” అని పడుకుంది. ఏ అమ్మాయి, ఏ టీవీ అని నేను అడగలేదు.

నీళ్లు ఐదూ పదికి వచ్చాయి. అందరూ లేచి పిట్టగోడ దగ్గరికి పరిగెత్తారు. నేను కదల్లేదు. అప్పటికి మా అత్తయ్య గురక పెడుతోంది.